కళ్ళు తెరిచారు, పలికేది ఎప్పుడు?

(తలకు తీవ్రమైన దెబ్బ తగిలినవారి కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు)

మీ ఇంటి మనిషి తలకు పెద్ద దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉన్నారు. ఆపరేషన్ అయింది. వెంటిలేటర్ తీశారు. ఒక రోజు ఉదయం నర్సు బయటకు వచ్చి "కళ్ళు తెరిచారు" అని చెప్పింది. మీరు పరుగున లోపలికి వెళ్ళారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కాని ఆ చూపు మీ మీద నిలవలేదు. పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. చేతిలో చెయ్యి పెడితే వేళ్ళు బిగిశాయి గాని, వదలమంటే వదలలేదు.

బయట బెంచీ మీద కూర్చున్న బంధువుల్లో ఒకరు "ఇక లాభం లేదట" అంటారు. ఇంకొకరు "ఫలానా ఊళ్ళో ఒకాయనకు ఆరు నెలలకు స్పృహ వచ్చింది" అంటారు. ఎవరి మాట నమ్మాలో మీకు తోచదు. పొలం అమ్మాలా, ఇంటికి తీసుకుపోవాలా, ఇంకో పెద్ద ఆసుపత్రికి మార్చాలా అని రాత్రంతా ఆలోచిస్తారు.

ఈ వ్యాసం మీ కోసమే. ఇందులో మేము చెప్పదలచిన ముఖ్యమైన విషయం ఒక్కటే: తలకు దెబ్బ తగిలినవారికి స్పృహ ఒక్కసారిగా రాదు, మెట్టు మెట్టుగా, నెలల తరబడి వస్తుంది. ఆ మెట్లను గుర్తుపట్టడంలో కుటుంబానిది పెద్ద పాత్ర. అందుకే తొందరపడి ఆశ వదులుకోవద్దు, తొందరపడి ఆస్తులు కూడా వదులుకోవద్దు.

దెబ్బ తగిలినప్పుడు మెదడులో ఏమవుతుంది?

మోటారు సైకిలు మీద నుంచి పడినప్పుడు, ఎత్తు నుంచి జారిపడినప్పుడు తల ఒక్కసారిగా ఆగుతుంది లేదా గిర్రున తిరుగుతుంది. పుర్రె లోపల మెత్తగా ఉండే మెదడు ఆ ఊపుకు కదిలి మెలితిరుగుతుంది. అప్పుడు మూడు రకాల హాని జరగవచ్చు. మొదటిది, రక్తనాళాలు తెగి రక్తం గడ్డకట్టడం. రెండవది, మెదడు వాచి పుర్రె లోపల ఒత్తిడి పెరగడం. ఆపరేషన్లు, మందులు ముఖ్యంగా ఈ రెండింటి కోసమే. మూడవది, మెదడులోని ఒక భాగాన్ని ఇంకొక భాగంతో కలిపే సన్నని నరాల పోగులు సాగిపోయి దెబ్బతినడం. ఈ మూడవ రకం హాని సి.టి. స్కానులో సరిగా కనపడదు. "స్కానింగ్ బాగానే ఉందన్నారు, మరి స్పృహ ఎందుకు రాలేదు?" అని చాలామంది అడుగుతారు. దానికి ఒక ముఖ్యమైన కారణం ఇదే.

మనల్ని మేలుకొలిపే కేంద్రం మెదడు అడుగున ఉండే కాండంలో ఉంది. చూసినదాన్ని, విన్నదాన్ని అర్థం చేసుకునే పని పైభాగానిది. కాండం ముందు తేరుకుంటే కళ్ళు తెరుచుకుంటాయి. పైభాగానికి దానితో సంబంధం ఇంకా సరిగా ఏర్పడకపోతే చూపు ఉంటుంది గాని గుర్తింపు ఉండదు. మీరు ఆ ఉదయం చూసినది ఇదే.

మెలకువ వేరు, ఎరుక వేరు

ఈ తేడా తెలిస్తే డాక్టర్లు చెప్పే మాటలు చాలావరకు అర్థమవుతాయి. మెలకువ అంటే కళ్ళు తెరిచి ఉండడం. ఎరుక అంటే తననూ, తన చుట్టూ ఉన్నవారినీ తెలుసుకోవడం. కోలుకునే దారిలో సాధారణంగా ఈ మెట్లు కనిపిస్తాయి.

మొదటి మెట్టు, కోమా. కళ్ళు తెరవరు. మెలకువ లేదు, ఎరుక లేదు. ప్రాణం నిలిచినవారిలో ఈ స్థితి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి ఉండదు. ఆ తరువాత కళ్ళు తెరుచుకుంటాయి.

రెండవ మెట్టు, మెలకువ ఉండి ఎరుక కనపడని స్థితి. కళ్ళు తెరుస్తారు, నిద్రపోతారు, ఆవలిస్తారు, పళ్ళు కొరుకుతారు, ఒక్కొక్కసారి కన్నీరు కూడా కారుతుంది. ఇవన్నీ వాటంతట అవే జరిగేవి. 1972లో వైద్యులు ఈ స్థితికి 'వెజిటేటివ్ స్టేట్' అని పేరు పెట్టారు. మనిషిని కూరగాయతో పోల్చినట్టుందని ఆ పేరు చాలామందికి నచ్చలేదు. 2010లో కొందరు నిపుణులు 'స్పందన లేని మెలకువ' అనే అర్థం వచ్చే పేరును సూచించారు. మన ఊళ్ళలో కొందరు 'జీవచ్ఛవం' అంటారు. దయచేసి ఆ మాట మీరు అనకండి, మంచం పక్కన ఇంకొకరిని అననివ్వకండి. ఎందుకో ముందు ముందు చెబుతాము.

మూడవ మెట్టు, కొద్దిపాటి ఎరుక ఉన్న స్థితి. 2002లో వైద్యులు దీనిని ప్రత్యేకంగా గుర్తించి నిర్వచించారు. కదిలే మనిషి వెంట చూపు తిరుగుతుంది. "చెయ్యి ఎత్తు" అంటే ఒకసారి ఎత్తుతారు, పదిసార్లు ఎత్తరు. ఉదయం కనిపించినది సాయంత్రం కనిపించదు. ఇలా వచ్చి పోతూ ఉండడమే ఈ మెట్టు లక్షణం.

నాలుగవ మెట్టు, అయోమయ స్థితి. మాట వస్తుంది, లేదా అవును కాదు అని చెప్పగలుగుతారు. కాని ఎక్కడున్నారో, ఏ నెలో, ఎవరు ఎవరో తెలియదు. నిన్నటి విషయం గుర్తుండదు.

అందరూ నాలుగు మెట్లూ ఎక్కుతారని చెప్పలేము. కొందరు ఒక మెట్టు మీద చాలాకాలం ఆగిపోతారు. కొందరు రెండు మెట్లు ఒకేసారి దాటుతారు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. బ్రెయిన్ డెత్ అనేది ఈ మెట్లలో లేదు. అది కోమా కాదు. మెదడు కాండంతో సహా పూర్తిగా, తిరిగి రాకుండా పనిచేయడం ఆగిపోయిన స్థితి. నిర్ణీతమైన పరీక్షలను రెండుసార్లు చేసి నిర్ధారించాక, దానిని మరణంగానే మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం గుర్తిస్తుంది. మీ మనిషి విషయంలో డాక్టరు ఏ మాట వాడారో సరిగా అడిగి తెలుసుకోండి.

ఎందరు కోలుకుంటారు?

దీనికి నిజాయితీ గల జవాబు ఇవ్వాలంటే కొన్ని అంకెలు చెప్పాలి. అమెరికాలోని 18 పెద్ద ట్రామా కేంద్రాలలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. తలకు తీవ్రమైన దెబ్బ తగిలి, రెండు వారాలకు కూడా ఎరుక కనపడని స్థితిలో ఉన్న 79 మందిని వారు గమనించారు. ఏడాది లోపల అందులో 62 మందికి స్పృహ వచ్చింది. అంటే ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మందికి.

ఆ అంకె చూసి ఊరట కలుగుతుంది. అయితే దాని పక్కనే ఉన్న రెండవ అంకెను కూడా చూడండి. వివరాలు దొరికిన 56 మందిలో ఏడాది నాటికి తాము ఎవరో, ఎక్కడున్నారో, ఏ తేదీయో చెప్పగలిగినవారు 14 మంది, అంటే నలుగురిలో ఒకరు. స్పృహ రావడం వేరు, పూర్తిగా మునుపటిలా కావడం వేరు. రెండూ ఒకటే అనుకుంటే తరువాత ఎంతో నిరాశ కలుగుతుంది.

ఒకరికీ ఇంకొకరికీ మధ్య తేడా ఎందుకు? వయసు తక్కువైతే అవకాశం ఎక్కువ. కంటిపాపలు వెలుతురుకు స్పందించడం మంచి గుర్తు. కొద్దిపాటి ఎరుక తొందరగా కనిపిస్తే ఇంకా మంచిది. దెబ్బ వల్ల స్పృహ పోయినవారికి ఉన్నంత అవకాశం, గుండె ఆగి లేదా నీళ్ళలో మునిగి మెదడుకు ప్రాణవాయువు అందక స్పృహ పోయినవారికి ఉండదు. అందుచేత ఎవరో చెప్పిన వేరొక రోగి కథతో మీ మనిషిని పోల్చుకోకండి. ఆయనకు మంచి జరిగినా, చెడు జరిగినా, అది ఆయన మెదడు కథ.

అమెరికా నరాల వైద్యుల సంఘం ఇతర నిపుణులతో కలిసి 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు రెండు మాటలు స్పష్టంగా చెప్పాయి. దెబ్బ తగిలిన మొదటి 28 రోజులలో "ఇక ఎవరికీ బాగుపడే అవకాశం లేదు" అనే అర్థం వచ్చేలా డాక్టర్లు మాట్లాడకూడదు. రెండవది, ఎరుక రాని స్థితికి ఇదివరకు వాడిన 'శాశ్వత' అనే మాటను తీసివేసి 'దీర్ఘకాలిక' అనే మాట వాడాలి. తలకు దెబ్బ వల్ల వచ్చినదైతే ఆ మాట కూడా 12 నెలలు గడిచాకనే. ఐదేళ్ళ వరకు గమనించిన పరిశోధనలలో రెండవ సంవత్సరం తరువాత కూడా కొందరు కొత్త పనులు నేర్చుకున్నారని తేలింది.

పందొమ్మిదేళ్ళ తరువాత ఒక మాట

టెర్రీ వాలిస్ గురించి మీలో కొందరు విని ఉంటారు. ఆయనది అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రం. 1984 జూలైలో ఆయన ప్రయాణిస్తున్న ట్రక్కు వంతెన మీద నుంచి పడిపోయింది. అప్పటికి ఆయన కూతురు నెలల బిడ్డ కూడా కాదు, వారాల పసికందు. 2003 జూన్‌లో, అంటే పందొమ్మిదేళ్ళ తరువాత, ఆయన తల్లిని చూసి "అమ్మ" అన్నారు. తరువాత మాటలు పెరిగాయి. అయితే ఆయన దృష్టిలో అది ఇంకా 1984వ సంవత్సరమే.

పత్రికలు "పందొమ్మిదేళ్ళ కోమా నుంచి లేచాడు" అని రాశాయి. అది సరికాదు. ఆయన ఆ కాలంలో ఎక్కువ భాగం ఉన్నది కోమాలో కాదు, పైన చెప్పిన మూడవ మెట్టు మీద. అన్నేళ్ళూ ఇంటివారు ఆయనతో మాట్లాడుతూనే ఉన్నారు. 2006లో ఆయన మెదడు స్కానులను పరిశీలించిన శాస్త్రవేత్తలు, తెగని నాడీకణాల నుంచి కొత్త పోగులు మెల్లమెల్లగా పెరిగి ఉండవచ్చని చెప్పారు.

ఈ కథను రెండు విధాలా చదవాలి. మెదడు ఎంత కాలానికైనా మారగలదన్నది ఒకటి. మాట వచ్చాక కూడా ఆయన లేచి నడవలేదన్నది, 2022లో మరణించే వరకు అన్ని పనులకూ ఇంకొకరి సాయం కావలసి వచ్చిందన్నది రెండవది. ఇటువంటివి అరుదు. దీనిని చూసి "మాకూ పందొమ్మిదేళ్ళకు వస్తుంది" అని లెక్క వేసుకోవద్దు. "మూడవ మెట్టు మీద ఉన్నవారిని రెండవ మెట్టు అనుకుని వదిలేయకూడదు" అన్న పాఠం మాత్రం తీసుకోండి.

పైకి కనపడని ఎరుక

2006లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏడ్రియన్ ఓవెన్ బృందం 23 ఏళ్ళ యువతిని పరీక్షించింది. రోడ్డు ప్రమాదం జరిగి ఐదు నెలలైంది. పిలిస్తే పలకదు, చెప్పినది చేయదు. ఆమెను ప్రత్యేకమైన ఎం.ఆర్.ఐ. యంత్రంలో ఉంచి, "నువ్వు టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో" అని చెప్పారు. తరువాత "మీ ఇంట్లో గది గదికీ తిరుగుతున్నట్టు ఊహించుకో" అన్నారు. ఆరోగ్యవంతులకు ఆ మాటలు చెప్పినప్పుడు మెదడులో ఏ భాగాలు వెలుగుతాయో, ఆమె మెదడులోనూ అవే వెలిగాయి. చెయ్యి కదలలేదు, కాని మాట చేరింది.

2024లో వెలువడిన పెద్ద పరిశోధన ఒకటి ఆరు కేంద్రాలలో జరిగింది. మంచం దగ్గర ఎంత చెప్పినా ఏమీ చేయని 241 మందిని ఇటువంటి ఎం.ఆర్.ఐ., ఇ.ఇ.జి. పరీక్షలతో చూశారు. అందులో 60 మంది, అంటే నలుగురిలో ఒకరు, చెప్పిన పనిని మనసులో చేస్తున్నట్టు తేలింది.

ఈ పరీక్షలు ఇప్పటికీ పరిశోధన కేంద్రాలలో తప్ప మామూలు ఆసుపత్రులలో దొరకవు. కాని వాటి పాఠం మనకు ఉచితంగానే దొరుకుతుంది. మంచం పక్కన ఆస్తి పంపకాల మాటలు వద్దు. ఆసుపత్రి బిల్లు గురించి తగవులు వద్దు. "బండి నడపవద్దంటే విన్నాడా" అన్న నిష్ఠూరం వద్దు. "ఇలా ఉండే కంటే పోవడమే నయం" అన్న మాట అసలే వద్దు. ఆ నలుగురిలో ఒకరు మీ మనిషే కావచ్చు. మేలుకొని వింటుంటే ఏ మాట అనరో, ఇప్పుడూ ఆ మాట అనకండి. మీరు పెద్దగా మాట్లాడవలసినవి ఉంటే వరండాలోకి వెళ్ళండి.

డాక్టర్లు ఏం చేస్తారు?

కేస్ షీటులో 3 నుంచి 15 వరకు ఒక అంకె రాస్తారు. అది గ్లాస్గో కోమా స్కేలు. 1974లో గ్లాస్గో నగర వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ తయారుచేశారు. కళ్ళకు 4, మాటకు 5, కదలికకు 6 మార్కులు. మొత్తం 8 లేక అంతకు తక్కువైతే తీవ్రమైన దెబ్బ అంటారు. తొలి రోజులకు ఇది బాగా ఉపయోగపడుతుంది. తరువాతి నెలలలో ఎరుకను వెదకడానికి ఇంకా సూక్ష్మమైన పరీక్ష కావాలి. 2004 నుంచి వాడుకలో ఉన్న సవరించిన కోమా రికవరీ స్కేలు అటువంటిది. ఎరుక వచ్చి పోతూ ఉంటుంది కనుక ఒక్కసారి చూసి తేల్చరాదు. రెండు వారాలలో కనీసం ఐదుసార్లు చూడడం మంచిదని పరిశోధకులు చెబుతారు. 2009లో బెల్జియంలో జరిగిన పరిశోధనలో, వైద్యులు మామూలు పద్ధతిలో చూసి ఎరుక లేదని భావించిన ప్రతి పదిమందిలో నలుగురికి ఈ స్కేలుతో చూసినప్పుడు ఎరుక గుర్తులు కనిపించాయి.

కోలుకుంటున్న మనిషి ఉన్నట్టుండి ఆగిపోయినా, వెనక్కి వెళ్ళినా దానికి కారణం వెదకాలి. జ్వరం, ఛాతీలో లేదా మూత్రంలో ఇన్‌ఫెక్షన్, పైకి కనపడని మూర్ఛ, మత్తు కలిగించే మందులు, మెదడులో నీరు చేరడం, ఇవన్నీ స్పృహను అణచివేస్తాయి. వీటికి చికిత్స ఉంది. "నిన్నటికంటే ఈ రోజు మందంగా ఉన్నారు" అని మీరు చెప్పే మాట చాలా విలువైనది.

మందుల విషయానికి వస్తే, బాగా పరీక్షించి చూసినది అమాంటడీన్ అనే మందు. 2012లో వెలువడిన పరిశోధనలో 184 మందికి, దెబ్బ తగిలిన 4 నుంచి 16 వారాల మధ్య, నాలుగు వారాలు ఇచ్చి చూశారు. ఈ మందు తీసుకున్నవారు ఆ కాలంలో వేగంగా కోలుకున్నారు. మందు ఆపాక ఆ వేగం తగ్గింది. మూర్ఛ, కిడ్నీ జబ్బు ఉన్నవారికి జాగ్రత్త అవసరం కనుక దీనిని నిపుణుడే నిర్ణయించాలి. స్టెమ్ సెల్స్ ఎక్కించి స్పృహ తెప్పిస్తామని లక్షలు అడిగేవారిని నమ్మకండి. ఆ చికిత్స స్పృహ తెప్పిస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. ఆ డబ్బు ఫిజియోథెరపీకి, మంచి ఆహారానికి, ఇంట్లో సాయానికి ఏళ్ళ తరబడి వస్తుంది.

మీరు చేయగలిగినది: ఒక నోటు పుస్తకం

డాక్టరు రోజులో కొద్ది నిమిషాలు చూస్తారు. మీరు గంటల తరబడి చూస్తారు. అందుచేత ఎరుక మొదటిసారి తలుపు తట్టేది మీ దగ్గరే కావచ్చు. దానిని గుర్తించడానికి ఒక పద్ధతి ఉంది.

మనిషి విశ్రాంతిగా, కళ్ళు తెరిచి ఉన్న సమయం చూసుకోండి. టి.వి. ఆపండి. ఒక్కరే మాట్లాడండి. ఆ మనిషి శరీరం చేయగలిగిన చిన్న పని ఒకటి ఎంచుకోండి, ఉదాహరణకు బొటనవేలు ఎత్తడం. ముందు ఒక నిమిషం ఊరికే చూడండి, అడగకుండానే ఆ వేలు ఎన్నిసార్లు కదులుతుందో లెక్కపెట్టండి. తరువాత స్పష్టంగా అడగండి: "నాన్నా, బొటనవేలు ఎత్తు." పది సెకన్లు ఆగండి. మెదడుకు ఆ సమయం కావాలి. ఇలా నాలుగుసార్లు అడగండి. "చెయ్యి నొక్కు" అనే పరీక్ష మీద ఆధారపడకండి. అరచేతిలో వేలు పెడితే పసిబిడ్డ పట్టుకున్నట్టు దానంతట అదే బిగుసుకోవచ్చు.

ఇంకొక తేలికైన పరీక్ష అద్దం. ముఖానికి నాలుగైదు అంగుళాల దూరంలో చేతి అద్దం పట్టి, మెల్లగా కుడికి, ఎడమకు, పైకి, కిందికి జరపండి. తన ముఖం తనకు కనిపిస్తే, ఇంక దేనినీ చూడని కళ్ళు కూడా కొన్నిసార్లు దాని వెంట కదులుతాయి. చూపు వెంబడించడం మూడవ మెట్టుకు తొలి గుర్తులలో ఒకటి.

చూసినది చూసినట్టు రాయండి. "ఈ రోజు నన్ను గుర్తుపట్టాడు" అని రాస్తే డాక్టరుకు పెద్దగా ఉపయోగపడదు. "ఉదయం 9 గంటలు. బొటనవేలు ఎత్తమన్నాను. 4 సార్లలో 2 సార్లు ఎత్తాడు. అడగనప్పుడు కదల్లేదు. సాయంత్రం 5 గంటలు. ఒక్కసారీ ఎత్తలేదు, ఒళ్ళు వెచ్చగా ఉంది" అని రాయండి. వీలైతే సెల్‌ఫోనులో వీడియో తీయండి. పుస్తకం ప్రతి రౌండ్సులోనూ చూపించండి. కదలిక ఏమీ లేని రోజున "లేదు" అని రాయడం కూడా అవసరమే.

రోజువారీ సంరక్షణ

స్పృహ వచ్చేవరకు శరీరాన్ని కాపాడడం మన పని. వేళ్ళు ముడుచుకుపోయి, వీపు పుండ్లు పడి ఉంటే, తిరిగి వచ్చిన ఎరుకకు నొప్పి తప్ప ఏమీ మిగలదు.

ప్రతి రెండు గంటలకు ఒకసారి పక్క మార్చండి. వీపు కింద, నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడండి. శ్రద్ధ ఉంటే పడకపుండ్లను ఆపవచ్చనడానికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ 1973లో దాడికి గురై, మెదడుకు ప్రాణవాయువు అందక మంచాన పడ్డారు. 2015లో మరణించేవరకు అక్కడి నర్సులే ఆమెను చూసుకున్నారు. అన్నేళ్ళు మంచంలో ఉన్నా ఒక్క పడకపుండు కూడా రాలేదని ఆ ఆసుపత్రి డీన్ సుప్రీంకోర్టుకు తెలిపారు. అది ఖరీదైన యంత్రాల వల్ల కాదు, చేతుల వల్ల జరిగినది.

చేతులు, కాళ్ళు, వేళ్ళు, ప్రతి కీలునూ ఫిజియోథెరపిస్టు చూపించిన విధంగా ఉదయం, సాయంత్రం కదిలించండి. డాక్టరు ఒప్పుకున్నాక మంచం తల వైపు ఎత్తి కూర్చోబెట్టడం, తరువాత కుర్చీలోకి మార్చడం ఎరుకకు మేలు చేస్తాయి. పగలు వెలుతురు, రాత్రి చీకటి ఉండేలా చూడండి.

ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇచ్చేటప్పుడు తల వైపు ఎత్తి ఉంచండి, ఇచ్చిన తరువాత ఇంకో అరగంటైనా అలాగే ఉంచండి. మింగే శక్తి ఉందని నిపుణులు పరీక్షించి చెప్పేవరకు నోట్లో ఏమీ పోయవద్దు. కొబ్బరినీళ్ళు గాని, పాలు గాని, తీర్థం గాని, ప్రార్థన చేసి తెచ్చిన నూనె గాని, "ఒక్క చుక్కే కదా" అని పోసినది ఊపిరితిత్తులలోకి దిగి నిమోనియా తెస్తుంది. మీ ప్రేమను ఆ చుక్కలో కాక, తడిబట్టతో పెదవులు తుడవడంలో చూపించండి.

తాకే ముందు మీరు ఎవరో చెప్పండి. "పెద్దోడా, అమ్మనురా. ఇవాళ మంగళవారం. నీ మొహం తుడుస్తాను" అన్నట్టు. ఇంటి సంగతులు, పిల్లల చదువులు, పంటల కబుర్లు మామూలు గొంతుతో చెప్పండి. పదిహేను నిమిషాలు చాలు, తరువాత విశ్రాంతి ఇవ్వండి. పదిమంది ఒకేసారి చుట్టూ చేరి పిలవడం, రోజంతా టి.వి. పెట్టడం, గిల్లి చూడడం మేలు చేయవు.

స్పృహ వచ్చిన తరువాత

ఇది చాలా కుటుంబాలు ఊహించని మలుపు. నెలల తరబడి ఎదురుచూసిన మనిషి మాట్లాడుతాడు, కాని బూతులు తిడతాడు. గొట్టాలు పీకేస్తాడు. భార్యను పట్టుకుని "నువ్వెవరు?" అంటాడు. చనిపోయిన తండ్రి ఏడని అడుగుతాడు. ఆ మాటలు మనసులోంచి వచ్చినవి కావు, తేరుకుంటున్న మెదడులోంచి వచ్చినవి. వాదించకండి, నవ్వకండి, కట్టివేయకండి. గది ప్రశాంతంగా ఉంచి, ఎక్కడున్నారో, ఏ రోజో నిదానంగా చెప్పండి. గోడకు క్యాలెండరు, ఇంటివారి ఫొటోలు పెట్టండి. చాలామందిలో ఈ దశ గడిచిపోతుంది. జ్ఞాపకశక్తి, ఓర్పు, మాట తీరు మాత్రం మునుపటిలా ఉండకపోవచ్చు. ఈ దశలోనే పునరావాస చికిత్స ఎక్కువ ఫలితం ఇస్తుంది. వెల్లూరు సి.ఎం.సి., బెంగుళూరు నిమ్హాన్స్ వంటి చోట్ల ఇందుకు ప్రత్యేక విభాగాలున్నాయి. వెళ్ళలేనివారు దగ్గరలో ఉన్న ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని ఇంట్లో రోజూ చేయించినా మేలే.

మీ సంగతి ఏమిటి?

తల్లి నెల రోజులుగా సరిగా నిద్రపోలేదు. భార్య భోజనం మరిచిపోయింది. అన్నదమ్ములు అప్పుల వేటలో ఉన్నారు. ఇది వంద గజాల పరుగు కాదు, బహుదూరపు నడక. వంతులు వేసుకోండి. రాత్రి ఉన్నవారు పగలు నిద్రపోవాలి. వారంలో ఒక పూట ఇంటికి వెళ్ళి పిల్లలతో గడపండి, అది మీ మనిషిని వదిలేయడం కాదు. "ఆ రోజు నేను బయటకు పంపకుండా ఉంటే" అన్న బాధ ఎవరినైనా తినివేస్తుంటే మాతో చెప్పుకోండి. ప్రమాదానికి మీరు కారణం కాదు.

ఏడాది గడిచినా ఎరుక రాకపోతే? అటువంటి కుటుంబాలు కూడా మా దగ్గరకు వస్తాయి. అప్పుడు డాక్టరుతో కూర్చుని, ఇక ఏ చికిత్స ఉపయోగపడుతుంది, ఏది ఆ మనిషికి బాధ మాత్రమే ఇస్తుంది, ఇంటి పరిస్థితి ఎంతవరకు భరిస్తుంది అని మనసు విప్పి మాట్లాడుకోవాలి. ఆ మనిషి తన మాట తాను చెప్పగలిగితే ఏమి కోరేవారో ఆలోచించాలి. అది ఓటమి కాదు. అయితే ఆ సంభాషణకు సమయం తొలి వారం కాదు, బెంచీ మీద బంధువులు చెప్పినప్పుడూ కాదు. మీ నోటు పుస్తకం నిండిన తరువాత, పరీక్షలు మళ్ళీ మళ్ళీ చేసిన తరువాత.

గుర్తుంచుకోండి

1. కళ్ళు తెరవడం మెలకువ. చెప్పినది చేయడం, చూపుతో వెంబడించడం ఎరుక.
2. మొదటి 28 రోజులలో తుది మాట ఎవరూ చెప్పలేరు. తలకు దెబ్బ విషయంలో 12 నెలల వరకు గమనించాలి.
3. స్పృహ వచ్చే అవకాశం చాలామంది అనుకునే దానికంటే ఎక్కువ. పూర్తిగా మునుపటిలా అయ్యే అవకాశం చాలామంది ఆశించే దానికంటే తక్కువ.
4. మంచం పక్కన మాట్లాడే ప్రతి మాట వినపడుతోందని అనుకునే మాట్లాడండి.
5. ఉన్నట్టుండి మందగిస్తే వెంటనే చెప్పండి.
6. పక్క మార్చడం, కీళ్ళు కదిలించడం, నోట్లో ఏమీ పోయకపోవడం, ఈ మూడూ మీ చేతుల్లో ఉన్నాయి.

రేపు ఉదయం లోపలికి వెళ్ళినప్పుడు ముందు మీ పేరు చెప్పండి. బొటనవేలు ఎత్తమని అడగండి. పది సెకన్లు ఆగండి. తరువాత పుస్తకంలో రాయండి.